సమోవా తీరానికీ ఒక గడప ఉంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పసిఫిక్ సముద్రంలోని సమోవా ద్వీపాల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు కన్నులపండువగా ఉన్నాయి. కానీ ఇసుక, నీళ్లు, హోటళ్లు తప్ప అక్కడి మనుషుల ఊసే లేదు. కిందటేడు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అందరం కలిసి వారం రోజులు సమోవాలో ఉండి వచ్చాం. విమానంలో నాలుగు గంటల దారి. వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అక్కడ నూటికి ఎనభై పాళ్లు భూమి కుటుంబాల, ఊళ్ల ఉమ్మడి సొత్తు. మతాయిలనే కుటుంబ పెద్దలు దాని మంచిచెడ్డలు చూస్తారు. అందుకని కంచె లేదు కదా, మనిషి కనిపించలేదు కదా అని తీరంలో దిగిపోకూడదు. ఎదురుగా ఉన్న ఇంట్లో అడగాలి. ఐదో పదో తాలాలు (వాళ్ల డబ్బు) అడిగితే బేరమాడకుండా ఇచ్చేయాలి. మాతో వచ్చిన ఒక కుటుంబంలో పిల్లలు ఆదివారం పొద్దున్నే అడక్కుండా నీళ్లలోకి పరిగెత్తారు. ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్తున్న వేళ అది. ఆదివారం ఈతకు దిగడం చాలా ఊళ్లలో తప్పు. ఒక ముసలావిడ ఆగి, పల్లెత్తు మాట అనకుండా అలా చూస్తూ నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ప్రార్థన వేళను ‘సా’ అంటారు. శంఖం ఊదుతారు, కొన్నిచోట్ల వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను గంటలా మోగిస్తారు. ఆ పది ఇరవై నిమిషాలు ఊళ్లో తిరగకూడదు. సవాయీ ద్వీపంలో మేం కార్లో వెళ్తుండగా శంఖం వినబడింది. రోడ్డు పక్కన లావాలావా (మన లుంగీ లాంటిదే) కట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. మా అబ్బాయి బండి ఆపి ఇంజను కట్టేశాడు. అంతదాకా బంతాట ఆడుతున్న పిల్లలు ఒక్కరూ లేరు. గోడల్లేని ఇళ్లు కదా, లోపల కూర్చున్న వాళ్లు కనబడుతూనే ఉన్నారు. అన్ని ఇళ్లలోంచీ పాట ఒక్కసారిగా లేచింది. కోడలు ఫోన్ తీయబోయి, మళ్లీ సంచిలో పెట్టేసింది.

ఆ గోడల్లేని ఇంటినే ‘ఫలే’ అంటారు. చెప్పులు బయట విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. నిలబడి మాట్లాడకూడదు, అరికాళ్లు ఎవరివైపూ చాపకూడదు. మనకు కొత్తేమీ కాదు. కానీ అరవై ఏడేళ్ల నా మోకాళ్లు ఎంతసేపు ఊరుకుంటాయి? మెల్లగా కాళ్లు చాపాను. ఇంటావిడ లేచి, నడుము బాగా వంచి ‘తులౌ’ అంటూ మా ముందునుంచి వెళ్లి, ఒక చిన్న చాప తెచ్చి నా పాదాల మీద కప్పింది. కూర్చున్నవాళ్ల ముందునుంచి వెళ్లాల్సి వస్తే ఆ మాట అనాలి. క్షమించండి, దారివ్వండి అన్నట్టు. కాళ్లు చాపక తప్పనివాళ్లు పాదాలు కప్పుకుంటే చాలట. చీర కట్టుకున్నందుకు నాకు బట్టల ఇబ్బంది రాలేదు. ఆడపిల్లలు ఊళ్లో నిక్కర్లతో, ఈతబట్టలతో తిరగకూడదు.

చాలా ఇళ్ల ముందే సమాధులు ఉంటాయి. వాటి మీద కూర్చోకండి, ఫొటోలు తీయకండి.

శాకాహారులు ‘పలుసామి’ అడగండి. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి, కాలిన రాళ్ల మీద ఆవిరి పట్టిస్తారు. కోనసీమదాన్ని, కొబ్బరిపాల రుచి నాకు ఒకరు చెప్పాలా! అయితే కొందరు అందులో మాంసం కలుపుతారు, ముందే అడగాలి.

సమోవాకు వీసా ముందుగా అక్కర్లేదు, దిగాక పర్మిట్ ఇస్తారు. కానీ ఇండియా నుంచి న్యూజిలాండ్ మీదుగా వెళ్తే, మన పాస్‌పోర్టుకు దారిలో దిగడానికీ వీసా కావాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. మరొకటి గట్టిగా చెప్పాలి: 2019లో అక్కడ తట్టు సోకి 83 మంది చనిపోయారు, ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలు. టీకా వేయించుకోనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమన్నారట. జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లల్ని తీసుకుని దయచేసి ఆ ఊళ్లలోకి వెళ్లకండి. మీ పిల్లల టీకాల కార్డు చూసుకున్నాకే టికెట్ కొనండి.

ఈసారి అలాంటి వ్యాసం వేసేటప్పుడు, ఫొటోల పక్కన ‘సా’ గురించి, ‘తులౌ’ గురించి నాలుగు వాక్యాలైనా వేయమని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, అమలాపురం