గడియారానికి రసీదు ఉంది, మందులకు లేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఖైదీల ఆరోగ్యం గురించి చర్చ వచ్చినప్పుడల్లా క్షయ వంటి అంటువ్యాధుల దగ్గరే మాట ఆగిపోతుంది. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, ఉబ్బసం వంటి ఏళ్ల తరబడి వదలని జబ్బులు ఎవరికీ అంటవు కాబట్టి కాబోలు, ఎవరి దృష్టికీ రావు.

అరెస్టు, లాకప్, కోర్టు, జైలు, మరో జైలుకు బదిలీ, చివరకు విడుదల: ఈ దారిలో మనిషి ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే ప్రతిచోటా చికిత్స తెగిపోయే ప్రమాదం ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు తీసుకున్న గడియారానికీ పర్సుకూ రసీదు ఉంటుంది. వాడుతున్న మందులకు మాత్రం తరచూ ఏ లెక్కా ఉండదు. టైప్-1 మధుమేహం ఉన్నవారికి ఒక్కరోజు ఇన్సులిన్ అందకపోయినా ప్రాణం మీదకు రావచ్చు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. భద్రత దృష్ట్యా సూదిని ఖైదీ దగ్గర ఉంచరు, అందులో తప్పులేదు. కానీ ఇన్సులిన్ ఒక వేళకు, భోజనం మరో వేళకు అందితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

బయట ఉన్నవాడు ఒక వైద్యుడు పట్టించుకోకపోతే మరొకరి దగ్గరకు వెళ్తాడు. ఖైదీకి ఆ వీలు లేదు. అందుకే 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నిబంధనల్లో 24వది, సమాజంలో దొరికే స్థాయి వైద్యమే ఖైదీలకూ ఉచితంగా, తెగకుండా అందాలని చెబుతుంది. వైద్యపరమైన నిర్ణయాలను ఇతర సిబ్బంది తోసిపుచ్చరాదని 27వది అంటుంది. నార్వే 1988లోనే జైలు వైద్యాన్ని స్థానిక పురపాలనకు అప్పగించింది, ఫ్రాన్స్ 1994లో ప్రభుత్వ ఆసుపత్రులకు అప్పగించింది. కాపలా కాసే శాఖే వైద్యుడికి కూడా యజమాని కాకూడదన్నది నా అభిప్రాయం కూడా.

నేరం చేసినవారికి ఇంత వైద్యమా అని అడిగేవారున్నారు. జైళ్లలో నేరం రుజువు కాని విచారణ ఖైదీలూ ఉంటారన్నది అలా ఉంచితే, ఏ న్యాయమూర్తీ తీర్పులో మూత్రపిండాలు చెడిపోవాలని రాయడు.

విడుదల ఘట్టం మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైనవారిపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదటి 2 వారాల్లో వారి మరణ ముప్పు ఇతరులకంటే 12.7 రెట్లు. మోతాదు మించిన మాదకద్రవ్యాలే ప్రధాన కారణం. గుండెజబ్బులూ ఆ జాబితాలో ఉన్నాయి. కొన్ని వారాలకు సరిపడా మందులు, చికిత్స వివరాల చీటీ, బయట చూపించుకోవలసిన ఆసుపత్రి పేరు చేతికి ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. వస్తువులు తిరిగిచ్చి సంతకం తీసుకునే పుస్తకంలోనే వీటికీ ఒక గడి చేర్చవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు