కేదార్‌కంఠ వెళ్లే అమ్మలుకు

శ్రీకాకుళం

చి. అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఇదంతా ఫోన్లో చెబితే ఆఫీసు పని చేసుకుంటూ "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు. తర్వాత ఒక్క ముక్కా గుర్తుండదు. అందుకని రాసి పంపుతున్నాను, బట్టలు కొనేటప్పుడు దగ్గర పెట్టుకో.

డిసెంబరు ఆఖర్లో కేదార్‌కంఠ అన్నావు. ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని ఆ శిఖరం 12,500 అడుగులు. మీరు పడుకునేది శిఖరం మీద కాదులే. దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర ఒక రాత్రి, ఆ పైన 11,000 అడుగుల చోట ఇంకో రాత్రి ఉంటారు. కిలోమీటరు ఎత్తు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. డెహ్రాడూన్‌లో రాత్రి 8 డిగ్రీలుంటే మీ పై క్యాంపులో మైనస్ 10 దాకా ఉండొచ్చు. దాని మీద గాలి. హైదరాబాదులో 12 డిగ్రీలకే దుప్పటి ముసుగేసుకునే దానివి, ఈ అంకె ఒకసారి నిదానంగా చదువుకో.

నువ్వు ఫొటో పంపిన ఆ ఎర్ర జాకెట్ బాగానే ఉంది. కానీ జాకెట్‌తో మొదలుపెట్టకూడదు తల్లీ, ఒంటికి తగిలే బట్టతో మొదలుపెట్టాలి. సైన్యంలో, లద్దాఖ్‌లోని ద్రాస్‌లో ఉన్నప్పుడు మన వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను చూసేవాణ్ని. చలి భయంతో ఉన్నవన్నీ తొడుక్కుని మార్చ్‌కి వచ్చేవారు. మొదటి హాల్టుకల్లా లోపల బనీను పిండితే నీళ్లు కారేవి. నిలబడిన అయిదు నిమిషాలకే పళ్లు టకటకలాడేవి. కొండ మీద మనిషిని ముందు పడగొట్టేది బయటి మంచు కాదు, మన ఒంటి చెమటే. గాలి కన్నా నీరు ఇరవై అయిదు రెట్లు తొందరగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. అందుకే మందమైన బట్ట ఏది అని కాకుండా, పొడిగా ఉంచే బట్ట ఏది అని చూడు.

కాబట్టి నూలు వద్దు. బనీను, టీషర్టు, లోదుస్తులు, సాక్సులు ఏవీ నూలువి వద్దు. జీన్సు అసలే వద్దు, తడిస్తే మళ్లీ ఆరదు. మన ఎండలకు నూలును మించింది లేదు గానీ అక్కడ అది చెమట పీల్చుకుని ఒంటికి అంటుకునే ఉంటుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. మన గొర్రెల కాపర్లు వానలో గొంగళి కప్పుకుని తిరిగేది ఊరికే కాదు. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే థర్మల్ బట్టలు మెరీనో ఉన్నివి దొరికితే మంచిదే, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. పాలిస్టరు థర్మల్స్ రెండు జతలు చాలు. ఒకటి నడకకు. రెండోది టెంటులో పడుకునేటప్పుడు మాత్రమే. ఆ రెండో జతను ప్లాస్టిక్ కవర్లో కట్టి బ్యాగు అడుగున పెట్టు, పగలు ఎంత చలేసినా బయటికి తీయకు.

థర్మల్ మీద ఫ్లీసు, అంటే నూగుగా ఉండే మెత్తటి పాలిస్టరు స్వెట్టరు. దాని మీద, ఆగినప్పుడు వేసుకోవడానికి నీ ఎర్ర జాకెట్. అది ఈకలదా, సింథటిక్ దూదిదా అని లేబుల్ చూడు. ఈకలది తేలిక, వెచ్చన, కానీ తడిస్తే ముద్దయిపోతుంది, ఇక పనికిరాదు. సింథటిక్‌ది కొంచెం బరువైనా తడికి తట్టుకుంటుంది. మొదటిసారి వెళ్లేదానికి నా ఓటు సింథటిక్‌కే. అన్నిటికీ పైన గాలినీ మంచునూ ఆపే పల్చటి వాటర్‌ప్రూఫ్ జాకెట్, అదే రకం ప్యాంటు. ఈ పైది ఒక సైజు పెద్దది తీసుకో. లోపలివి వేసుకుని షాపులోనే చేతులు పైకెత్తి, కిందికి వంగి చూడు. బట్టకీ బట్టకీ మధ్య నిలిచిన గాలే వెచ్చదనం, బిగుతుగా ఉంటే ఆ గాలికి చోటేదీ?

నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. అలా అనిపించకపోతే ఒకటి ఎక్కువ వేసుకున్నావన్నమాట, తీసి బ్యాగులో పెట్టు. పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఆగగానే, చలి వేసేదాకా చూడకుండా, జాకెట్ తొడుక్కో.

ఇక పాదాలు. డబ్బులు పెట్టదలచుకుంటే ఇక్కడ పెట్టు. బూట్లు మడమ పైదాకా వచ్చేవి, వాటర్‌ప్రూఫ్‌వి కావాలి. సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మందపు ఉన్ని సాక్సులు వెంట తీసుకెళ్లి, అవి తొడుక్కునే చూడు. లోపల వేళ్లు ఆడాలి, మడమ మాత్రం లేవకూడదు. వెచ్చగా ఉంటుందని రెండు జతల సాక్సులు ఇరికించకు. రక్తం ఆడకపోతే వేళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. పట్టీలు ఇంట్లో వదిలి వెళ్లు, బూటు కింద ఒరుసుకుంటాయి. కొన్న బూట్లు పెట్టెలో దాచకుండా రోజూ ఆఫీసుకు వేసుకుని వెళ్లు, ఎవరేమన్నా అననీ. ఒక ఆదివారం నిండు బ్యాగుతో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలెక్కి రా. బొబ్బలు రావాలంటే అక్కడే రావాలి. పైన వేళ్లకు స్పర్శ తగ్గినా, రంగు తెల్లబడినా సిగ్గుపడకుండా గైడుకు చెప్పు. మంచుతో రుద్దుదామని ఎవరైనా అంటే వద్దను, మంట దగ్గర కాచుకోనూ వద్దు.

మంచు బూటులోకి పోకుండా కట్టుకునే గెయిటర్లూ, జారకుండా బూటుకు తగిలించుకునే స్పైకులూ, కర్రలూ కొనకు. సాధారణంగా తీసుకెళ్లేవాళ్లే ఇస్తారు, లేదంటే నడక మొదలయ్యే సాంక్రీ ఊళ్లో అద్దెకు దొరుకుతాయి. జీవితంలో మళ్లీ ఎన్నిసార్లు వాడతావని?

స్లీపింగ్ బ్యాగు గురించి మాత్రం వాళ్లను గట్టిగా అడుగు. అది ఎంత చలికి పనికొస్తుందో చెప్పే మూడు అంకెలు దాని మీద ఉంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఎక్స్‌ట్రీమ్ అంటే హాయిగా నిద్రపట్టే చలి కాదు, ప్రాణం నిలబడే చలి. అమ్మేవాళ్లకు ఆ అంకె అంటే మహా ఇష్టం. లిమిట్ సగటు మగవాడి లెక్కన, కంఫర్ట్ సగటు ఆడమనిషి లెక్కన పెట్టారు, అందుకని నువ్వు కంఫర్ట్ ఒక్కటే చూడు. అది మైనస్ 10 దగ్గర ఉండాలి. సరిపోదనిపిస్తే ఫ్లీసు లైనర్ ఒకటి కొని లోపల వేసుకో.

ఆ బ్యాగు వేడిని పుట్టించదు, ఫ్లాస్కులాగా లోపలున్నదాన్ని కాపాడుతుందంతే. చల్లబడ్డ ఒంటితో దూరితే చల్లగానే ఉంటావు. దూరేముందు నాలుగు గుంజీళ్లు తీయి. గట్టి మూత ఉన్న సీసాలో వేడి నీళ్లు పోసి, సాక్సు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకో. మూతి మాత్రం బయటే ఉండాలి. ఊపిరిలో తడి ఉంటుంది, అది లోపల పడితే తెల్లారేసరికి బ్యాగంతా చెమ్మ.

జనం మరిచిపోయేది కింద పరిచే చాప. పడుకున్నప్పుడు నీ బరువుకి వీపు కింద ఉన్న దూది నలిగిపోతుంది, నేల ఒంట్లో వేడినంతా లాక్కుంటుంది. నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పడానికి చాపకు ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. మామూలు ఫోమ్ చాపకు రెండు దగ్గర ఉంటుంది, మంచు మీదికి నాలుగైనా కావాలి. ఒకదాని మీద ఇంకొకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. కాబట్టి వాళ్లిచ్చే చాప కాక మన సొంత ఫోమ్ చాప ఒకటి చుట్టి బ్యాగుకు కట్టు. బరువే ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం నాన్న మాట జవదాటొద్దు. టెంటు లోపల స్టవ్వు గానీ బొగ్గులు గానీ వెలిగించకూడదు. పక్కవాళ్లు వెలిగిస్తామంటే లేచి బయటికి రా. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే అంతా అయిపోతుంది. అలా పోయినవాళ్ల గురించి సర్వీసులో విన్నాను. గాలి కోసం ఉన్న కిటికీ కూడా చలని పూర్తిగా మూసేయకండి.

మిగతా చిల్లర సామాన్లు: మంకీ క్యాప్ పెట్టుకుంటే ఫొటోలు బాగోవంటావు, తెలుసు. పడుకునేటప్పుడైనా పెట్టుకో, టెంటులో ఎవరు చూస్తారు? చేతికి పల్చటి గ్లవ్స్ ఒకటి, వాటి మీద వాటర్‌ప్రూఫ్‌వి ఇంకొకటి. నల్ల కళ్లద్దాలు షోకుకు కాదు. కొత్త మంచు ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, అద్దాల్లేకపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. హెడ్‌ల్యాంపు, ఫోను, పవర్‌బ్యాంకు రాత్రిళ్లు నీతోపాటు స్లీపింగ్ బ్యాగులోనే పడుకోవాలి, చలికి చార్జింగ్ దిగిపోతుంది. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టు. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది గనక మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. మీ అమ్మ కొబ్బరినూనె సీసా పెట్టమంది. అది 24 డిగ్రీలకే గడ్డకడుతుందమ్మా అంటే వినలేదు. వ్యాజలీన్ డబ్బా ఒకటి కొనుక్కో, అమ్మకు చెప్పకు. నెలసరి తేదీ ఒకసారి చూసుకుని, కావలసినవి రెట్టింపు పెట్టుకోమని కూడా అమ్మ రాయమంది.

సున్నుండలు చేస్తోంది. రాత్రి పడుకోబోయే ముందు ఒకటి తింటే ఆ నెయ్యి, మినుములు తెల్లవార్లూ కడుపులో వేడి పుట్టిస్తాయి. బరువని వదిలేసి వెళ్లకు. పార్సిల్ హాస్టల్‌కి పంపమంటావా, ఆఫీసుకా? బుధవారంలోగా చెప్పు, గురువారం కొరియర్ వాడు వస్తాడు.

నాన్న