పని చేయనివారి పేర్లు పరిశోధన పత్రంపై ఎందుకు?

సంపాదకుల గారికి,

మా అమ్మాయి మెడికల్ పీజీ. కోనసీమ లంక గ్రామాల్లో ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ వివరాలు సేకరించి పేపర్ రాసింది. అచ్చయ్యేసరికి మొదటి పేరు శాఖాధిపతిది. ఆ వివరాల ముఖం చూడని మరో ఇద్దరి పేర్లూ చేరాయి. అడిగితే థీసిస్‌పై సంతకం ఆగుతుందేమోనని పిల్లకు టెన్షన్. ఇది చాలా అన్యాయం.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం, రచయిత అనిపించుకోవాలంటే పరిశోధన ఆలోచనలోనో, వివరాల సేకరణ, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. రాతలోనో, దిద్దుబాటులోనో పాల్గొనాలి. తుది ప్రతిని ఆమోదించాలి. తప్పుంటే జవాబు చెప్పాలి. ఈ నాలుగూ ఉండాల్సిందే. శాఖను నడిపినంత మాత్రాన, నిధులు తెచ్చినంత మాత్రాన సరిపోదు. అలాంటివారికి పత్రం చివర కృతజ్ఞతలు చెబుతారు.

మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జూనియరే. అయినా 1925లో వెలువడిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

మెడికల్ కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్లకు పేపర్లు అడుగుతున్నారు, ఒత్తిడి నిజమే. కానీ ఆ లెక్కల్ని నమ్మి మందు రాసేది రోగులకు. పరిశోధనకు ముందుగా అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ దశలోనే ఎవరి పని ఏమిటో రాయించి సంతకాలు తీసుకోవాలి. ఫిర్యాదును ఆ శాఖతో సంబంధం లేనివారు వినాలి.

– ఒక పీజీ విద్యార్థిని తండ్రి, అమలాపురం