మన కాలనీ మహిళా సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన అధ్యక్షురాలు గారికి, కార్యవర్గ సభ్యులకు, సభ్యులందరికీ నమస్కారములు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం తరఫున జరిగిన పనులను మీ ముందుంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. చిన్నపిల్లలున్న ఇళ్లలో బజారు చిరుతిళ్లకూ, ప్లాస్టిక్ బొమ్మలకూ పోతున్న డబ్బును ఆదా చేసి, ఆ తిండీ ఆ బొమ్మలూ ఇంట్లోనే పిల్లల చేతుల మీదుగా తయారయ్యేటట్టు చూడాలని గత సమావేశంలో చేసిన తీర్మానం ఎంతవరకు అమలైందో చెప్పడమే ఈ నివేదిక ఉద్దేశం.

వేసవి సెలవుల తరగతులతో పని మొదలైంది. మే 13న పోలింగు ఉండడంతో సామాజిక భవనం ఆ రోజుల్లో మనకు దొరకలేదు. అందువల్ల నాలుగో వీధి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో, బెజవాడ ఎండ ముదరకముందే, ఉదయం పూట పిల్లలను కూర్చోబెట్టాము. పసివాళ్లను పొయ్యి దగ్గరకు రానివ్వకూడదని నియమం పెట్టుకున్నందున పొయ్యితో పనిలేని తినుబండారాలనే ముందుగా ఎంచుకున్నాము. ఇంటి దగ్గర వేయించి చల్లార్చి తెచ్చిన నువ్వులు ఒక కప్పుకు ముప్పావు కప్పు బెల్లం తురుము చేర్చి రోట్లో దంచితే చిమ్మిలి సిద్ధమవుతుంది. పుట్నాల పప్పును మెత్తగా పొడి చేసి, అందులో సగం బెల్లం, కాస్త యాలకుల పొడి, రెండు మూడు చెంచాల కరిగిన నెయ్యి కలిపితే ఉండలు చుట్టడం నాలుగేళ్ల పిల్లకైనా చేతనవుతుంది. ఇంట్లో ఏది పెట్టినా ముఖం తిప్పుకునే పిల్లలు తాము దంచిన చిమ్మిలిని అడిగి మరీ తిన్నారని తల్లులు చెప్పినప్పుడు, మనం ఎంచుకున్న దారి సరైనదేనని కార్యవర్గానికి నమ్మకం కుదిరింది. అయిదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ పలుకులు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నందున, వారికి పల్లీలను పొడి చేసి బెల్లంతో కలిపి ఉండలుగానే ఇవ్వాలని, పల్లీ చిక్కీ పెద్దపిల్లలకు మాత్రమే పెట్టాలని తరగతిలో పదేపదే చెప్పాము. దయచేసి ఇళ్లలో కూడా ఈ జాగ్రత్త పాటించండి.

సెప్టెంబరులో నూనె ధర మన ప్రణాళికను మార్చింది. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగిన సంగతి, ఆ వెంటనే దుకాణంలో ప్యాకెట్టు ధర పెరగడం ప్రతి గృహిణికీ అనుభవమే. దాంతో జంతికలు, చక్కిలాల తరగతులను పండగ నెలకు వాయిదా వేసి, వేపుడు లేని వాటికి ప్రాధాన్యం ఇచ్చాము. అర కిలో కాగితపు అటుకులను అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నని సెగ మీద, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఉత్తినే వేయించి, నాలుగు చెంచాల నూనెలో పల్లీలు, పుట్నాల పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, పసుపుతో పోపు పెట్టి కలిపితే, గాలి చొరని డబ్బాలో రెండు వారాలు కరకరలాడుతూ నిలిచే చూడువా తయారవుతుంది. మరమరాల ఉండలకైతే నూనె చుక్క కూడా అక్కరలేదు. బెల్లం పాకం నీళ్లలో వేస్తే గట్టిపడి, ఉండగా నిలవాలి, చేతులకు తడి చేసుకొని వేడి మీదనే చుట్టాలి.

వేపుడు తప్పనప్పుడు ఆ నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దని మన సభ్యులకు గట్టిగా చెప్పవలసి వచ్చింది. కాగిన నూనెలో చేరే హానికర పదార్థాలు, అంటే మొత్తం పోలార్ సమ్మేళనాలు, 25 శాతం దాటితే ఆ నూనెను వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమలులో ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు కనుక, చిన్న మూకుడులో తక్కువ నూనె పోసి కొద్దికొద్దిగా వేయించుకోవడం, మిగిలినదాన్ని వడగట్టి రెండు మూడు రోజుల్లో పోపులకు వాడేయడం మేలు. పొదుపు పేరుతో నల్లబడిన నూనెను దాచుకోవడం పొదుపు కాదని నా నిశ్చితాభిప్రాయం.

చెగోడీలను తిండిగానూ చేతిపనిగానూ నేర్పాము. మరిగే నీళ్లలో నానిన పెసరపప్పు, జీలకర్ర, ఉప్పు, కారం, కొంచెం వెన్న వేసి, నీళ్లకు సమానంగా బియ్యప్పిండి పోసి మూతపెట్టే పని పెద్దలు చేశారు. చల్లారిన పిండిని మర్దించి, సన్నగా తాల్చి, కొసలు కలిపే పని పిల్లలు చేశారు. గవ్వల చెక్క లేని ఇళ్లలో కొత్త దువ్వెన వెనుక గవ్వలు ఒత్తించాము. రాగి పిండి జంతికలలో రెండు పాళ్ల రాగి పిండికి ఒక పాలు బియ్యప్పిండి, అర పాలు పుట్నాల పొడి కలపకపోతే అవి విరిగిపోతాయి. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని, తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి కాబట్టి, ఎదిగే పిల్లల డబ్బాలో వారానికి ఒకటి రెండుసార్లైనా ఇవి ఉండాలని మనవి.

సరుకుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్కొక్కరం అర కిలో, పావు కిలో కొనే బదులు, పది పన్నెండు కుటుంబాలు కలిసి కాళేశ్వరరావు మార్కెట్ ప్రాంతంలోని టోకు దుకాణాల్లో నువ్వులు, పుట్నాలు, అటుకులు, బెల్లం తెప్పించుకుని పంచుకున్నాము. బెల్లం పసుపుపచ్చగా మెరిసేదాన్ని ఎంచుకోవద్దని, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారని, ముదురు రంగు బెల్లమే తీసుకోవాలని రెండో వీధి బామ్మగారు చెప్పిన మాటను అందరూ పాటించారు.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగినప్పుడు మన కాలనీలోకి నీరు రాలేదు. వేసవిలో నేర్చుకున్న విద్య ఆ రోజుల్లో అక్కరకు వచ్చింది. పొయ్యి వెలిగించే వీలులేని ఇళ్లకు, మంచినీళ్లకే కటకటలాడుతున్న వారికి, బియ్యం పప్పు పంపి ప్రయోజనం లేదు కనుక, పాడుకాకుండా నాలుగు రోజులు ఉండే చూడువా, పుట్నాల ఉండలు, పిల్లల కోసం మెత్తని రాగి లడ్డూలు చేసి, పడవల వద్ద సాయం చేస్తున్న యువకుల ద్వారా పంపాము. ఆ వారంలోనే, 7వ తేదీన, వినాయక చవితి వచ్చింది. మట్టి వినాయకుల తరగతికి కేటాయించిన మొత్తాన్ని కూడా ఈ పనికే మళ్లించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఆ రోజుల్లో ఉండలు చుట్టిన ప్రతి చేతికీ సంఘం రుణపడి ఉంది.

ఇక మన సంఘం ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం సంక్రాంతి బొమ్మల కొలువు. దీని కోసం నవంబరు నుంచే పిల్లలతో పని మొదలుపెట్టాము. పాత వార్తాపత్రికలను ముక్కలు చేసి, మెంతులతో కలిపి రాత్రంతా నానబెట్టి, రుబ్బిన గుజ్జుతో మన అమ్మమ్మలు చేటలకూ, బుట్టలకూ పూత పూసేవారు. అదే గుజ్జుతో పిల్లలు బొమ్మలు చేశారు. మెంతుల జిగట వల్ల ఎండిన బొమ్మ పగలదు, పురుగు పట్టడమూ తక్కువే. మైదా జిగురు కాచేటప్పుడు కొందరు అలవాటుగా మైలుతుత్తం వేయబోతే వారించాము. అది విషపదార్థం, వేలు నోట్లో పెట్టుకునే పిల్లలున్న చోట పనికిరాదు. బదులుగా ఏ పూటకు ఆ పూట కొద్దిగా కాచుకున్నాము. పెళ్లి శుభలేఖలతో ఇళ్లు, కొబ్బరి చిప్పలతో తాబేళ్లు, అగ్గిపెట్టెలతో రైలు, చిరిగిన చీరల అంచులతో తోరణాలు తయారయ్యాయి. ఒక పిల్లవాడు వరదలో చూసిన పడవను, అందులో పాల ప్యాకెట్లు పట్టుకున్న మనుషులను చేసి తెచ్చినప్పుడు దాన్ని పై మెట్టు మీద పెట్టాలని పిల్లలే కోరారు. దేవుడి బొమ్మల కింద రెండో మెట్టున దానికి చోటిచ్చాము.

డిసెంబరులో పిల్లలను కొండపల్లి తీసుకువెళ్లాము. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, చెమ్మ పోయేదాకా వేడి చూపి, ఒక్కొక్క అవయవాన్ని వేరుగా చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికే విధానాన్ని కళాకారుల ఇళ్ల అరుగుల మీదనే కూర్చుని చూశారు. చింతగింజల జిగురు సంగతి తెలిశాక మన పిల్లలు ఇంటికి వచ్చి పారేసే గింజలను కూడబెట్టడం మొదలుపెట్టారు. ఈ సందర్భంగా ఒక్క మాట చెప్పదలిచాను. ఇంట్లో బొమ్మలు చేసుకోవడం అంటే చేతివృత్తుల వారి దగ్గర కొనడం మానేయడం కాదు. నెలలోపు విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మల మీద మిగిల్చిన డబ్బుతో ఏటా ఒక్క కొండపల్లి బొమ్మనైనా కొనాలని నా కోరిక. సంఘం తరఫున అంబారీ ఏనుగును కొని కొలువులో ఉంచాము.

జనవరి 13 భోగి నాడు అయిదు మెట్ల కొలువు తీరింది. ట్రంకు పెట్టెలు, బల్లలు, పీటలు పేర్చి పైన తెల్ల పంచెలు పరిచాము. మెట్లకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు. సాయంత్రం పసిపిల్లలకు రేగుపళ్లు, చిల్లర నాణేలు, బంతిపూల రేకలు, నానిన శనగలు కలిపి భోగిపళ్లు పోశాము. పేరంటానికి వచ్చిన వారికి బజారు కానుకల బదులు పాత చీరలతో కుట్టిన సంచిలో తాంబూలం, శనగలు, పిల్లలు ఒత్తిన గవ్వలు ఇచ్చాము. అచ్చు సిరా ఆహారానికి అంటకూడదు కనుక వార్తాపత్రిక పొట్లాలు వాడలేదు. అడ్డాకు దొప్పలు తెప్పించాము. పక్క కాలనీల వారు కూడా పెద్ద సంఖ్యలో వచ్చి చూసి, కాగితపు గుజ్జు తయారీ గురించి అడిగి వెళ్లారు. మూడు రోజులూ ప్రతి బొమ్మ పక్కన నిలబడి దాన్ని ఎలా చేశారో వివరించింది పిల్లలే.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు తయారుచేసి, ఆడిటరు గారి సంతకంతో ఈ నివేదికకు జతపరిచారు. సభ్యత్వ రుసుములు, విరాళాలు, సంచుల అమ్మకం ఆదాయంగాను, సరుకులు, కొండపల్లి బస్సు, వరద సహాయం వ్యయంగాను అందులో ఉన్నాయి, లోటు లేదు. దయచేసి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

కొన్ని విషయాలు బాధతోనే చెప్పవలసి వస్తోంది. స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేరు రాయించుకున్న వారిలో సగం మందికి పైగా ఒక్క తరగతికి కూడా రాలేదు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు వచ్చినంత త్వరగా మనుషులు రాలేదు. వేడి పాకం దగ్గర ఒక్క పెద్దమనిషి, పాతిక మంది పిల్లలు ఉండడం ఎంత ప్రమాదమో తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలను దింపి వెళ్లిపోయే వారు ఒక్క గంట కూర్చుంటే చాలు. కొలువు ప్రారంభానికి వస్తామని మాట ఇచ్చిన అధికారి రాలేదు సరే, కనీసం రాలేమన్న కబురైనా పంపలేదు. పిల్లలు పట్టు పరికిణీలలో రెండు గంటలు ఎదురుచూశారు. చివరకు కాలనీలో అందరికంటే పెద్దవారైన బామ్మగారి చేత దీపం వెలిగించాము, అది మరింత శోభగానే ఉంది. సామాజిక భవనం మరమ్మతు గురించి ఇచ్చిన వినతిపత్రాలకు ఇంతవరకు జవాబు లేదు. వర్షాకాలంలో సెల్లార్‌లో తరగతులు సాధ్యం కావు కనుక ఈ విషయం అధ్యక్షురాలు గారు స్వయంగా పట్టించుకోవాలని మనవి.

సెల్లార్ ఇచ్చిన నాలుగో వీధి నివాసులకు, తన రోలు మూడు అంతస్తుల నుంచి దింపించి ఇచ్చిన విశ్రాంత ఉపాధ్యాయురాలు గారికి, సంచులన్నీ కుట్టిపెట్టి కూలి తీసుకోని దర్జీ గారికి, పాత పత్రికలు సేకరించిన పదో తరగతి విద్యార్థులకు, కొలువు మూడు రాత్రులూ కాపలా ఉన్న వాచ్‌మన్ దంపతులకు, సరుకులు మోసిన ఆటో సోదరుడికి, ఓపికగా లెక్కలు చూసిన కోశాధికారి గారికి, తమ వంటింటి పని ముగించుకుని సంఘం పనికి వచ్చిన అమ్మలకూ అక్కలకూ, వారికి సహకరించిన కుటుంబాలకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

రాబోయే ఏడాదికి మూడు ప్రతిపాదనలు సభ ముందుంచుతున్నాను. చవితికి మట్టి వినాయకుల తరగతిని ఈసారి తప్పక నిర్వహించాలి. పాత చీరలతో బొంతలు కుట్టడం తెలిసిన పెద్దల చేత కొత్తగా తల్లులైన వారికి నేర్పించాలి. మెత్తబడిన నూలు చీర పసిబిడ్డ ఒంటికి కొత్త దుప్పటి కంటే హాయిగా ఉంటుంది. ప్రతి తరగతికీ కనీసం నలుగురు పెద్దలు ఉంటేనే పాకం, వేపుడు వంటివి చేయించాలి, లేకపోతే ఆ రోజు పొయ్యి వెలిగించరాదని నియమం చేయాలి. వంతులకు సిద్ధపడేవారు సమావేశం ముగిసేలోగా కోశాధికారి గారి వద్ద ఉన్న పుస్తకంలో, రాగలిగిన వారం పేరుతో సహా, నమోదు చేయించగోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి