వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులకు నమస్కారం. నెలవారీ సమావేశాలు, పక్షుల గణన, బడి పిల్లలకు స్లైడ్ షోలు యథావిధిగా జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవాల్సింది తొలితరం ప్రకృతి ఫొటోగ్రఫీ ప్రదర్శన, దానికి అనుబంధంగా నడిపిన సాలెగూళ్ల వర్క్‌షాప్.

ప్రదర్శనలో జనం గుమిగూడింది బ్రిటిష్ ఫొటోగ్రాఫర్లు కియర్టన్ సోదరుల బోలు ఎద్దు ఫొటో దగ్గర. 1895లోనే పక్షి గూళ్ల పుస్తకాన్ని ఫొటోలతో తెచ్చిన ఈ అన్నదమ్ములు, తర్వాత ఎద్దు తోలులో దూరి మరీ పక్షుల్ని తీశారు. 1906లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చిన అమెరికా ఫొటోగ్రాఫర్ జార్జ్ షిరాస్ రాత్రివేళ తీసిన జంతువుల చిత్రాలు కూడా పెట్టాం.

వర్క్‌షాప్‌లో ఆ తొలితరం వాళ్లు వాడిన గాజు ప్లేట్లకు బదులు నీలికాంతికే స్పందించే ఎక్స్‌రే ఫిల్మ్ వాడాం. చవక, పైగా ఎర్ర లైటు కింద కత్తిరించుకోవచ్చు. చిక్కల్లా రెండు వైపులా కాంతికి స్పందించే మందు పూత ఉండటమే. డెవలప్ చేసే ట్రేకి రాసుకుంటే గీతలు పడతాయి. అడుగున నున్నటి గాజు పలక వేశాక ఆ బాధ తప్పింది. 150 మి.మీ. లెన్సుతో సాలీడును అసలు సైజులో పట్టాలంటే బెలోస్ (లెన్సుకూ ఫిల్మ్‌కూ మధ్య సాగే మడతల గొట్టం) 300 మి.మీ. వరకు సాగాలి, ఎక్స్‌పోజర్ నాలుగు రెట్లు ఇవ్వాలి. ఇది మరిచినవారి నెగటివ్‌లు పలచబడ్డాయి. సాలీడు ఒంటిమీది పసుపు పట్టీలు ప్రింటులో నల్లగా వస్తే కంగారు పడొద్దు. పసుపు ఈ ఫిల్మ్‌కు కనబడదు. మొదటి తరం ప్లేట్లదీ ఇదే తంతు.

గూటికి రెండడుగుల వెనక, ఎండ తగలకుండా నల్ల వెల్వెట్ కట్టాలి. వెలుగు పక్కనుంచి రావాలి. దారాలు మెరిసి కనబడటానికి చల్లే నీటి తుంపర మంచులా సన్నగా పడాలి. మొక్కల స్ప్రేయర్‌తో కొడితే బొట్లు బరువెక్కి దారాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బెదిరిన సాలీడు గూడంతా ఊపేస్తుంది, అది ఆగేదాకా షట్టర్ జోలికి పోవద్దు.

హాలు అనుమతి ఫైలు నెలల తరబడి ఒకే బల్ల మీద కూర్చుంది. ఇక పేర్లిచ్చిన వలంటీర్లు కుర్చీలు మోసే రోజున ఫోన్లెత్తలేదు, గ్రూప్ ఫొటోలో మాత్రం ముందు వరసలో ఉన్నారు. డార్క్‌రూమ్‌కు గది ఇచ్చిన సభ్యులకు, ప్రింట్లు ఫ్రేములు కట్టించిన దాతలకు, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు కార్యవర్గం తరఫున ధన్యవాదాలు. జమాఖర్చుల పట్టిక జతచేశాం, ఆమోదించగలరు.

బెలోస్ కెమెరా తీసుకెళ్లినవారు నల్లగుడ్డతో సహా సమావేశం నాటికి తిరిగివ్వాలి.

కార్యదర్శి