మూత టక్కున పడాలంటే

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, నాలుగు తిట్టుకో. గౌహతిలో ఒకటే వాన. మెస్‌లో మళ్లీ బంగాళాదుంపే. అమ్మ పంపిన గోంగూర అయిపోయింది. తమ్ముడు డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడ్ రాస్తానన్నాడన్నావు కదా, రోజూ పెన్సిల్‌తో బొమ్మలు వెయ్యమను, మిగతాది తర్వాత రాస్తా. ఇక ఆగలేను, అసలు సంగతి చెప్పేస్తా.

ఇప్పుడు మా డిజైన్ స్టూడియోలో నడుస్తున్నది స్నాప్ ఫిట్. స్క్రూ, జిగురు లేకుండా మూత డబ్బాని పట్టుకోవాలి. టీవీ రిమోట్ వెనక బ్యాటరీ మూత తీసి చూడు, చిన్న చెయ్యి, దాని చివర కొక్కెం. అంతే వస్తువు. అందులో ఎంత లెక్కుందో చూడరా!

క్లిప్పు విరిగిందనగానే ఎవరికైనా మందం పెంచాలనిపిస్తుంది. పెంచితే ఇంకా త్వరగా విరుగుతుంది. వంగినప్పుడు చెయ్యి డబ్బాకి అతుక్కునే మొదలు దగ్గర పడే సాగుదల ఎంతంటే, ఒకటిన్నర ఇంటూ మందం ఇంటూ వంగే దూరం, దాన్ని పొడవు వర్గంతో భాగించాలి. 2 మి.మీ. మందం, 10 మి.మీ. పొడవున్న చెయ్యి 1 మి.మీ. వంగితే 3 శాతం. త్రీడీ ప్రింటర్లో మేం వాడే పెళుసు ప్లాస్టిక్ పీఎల్ఏకి అది ప్రాణాంతకం. మందం 3 చేశావా, 4.5 శాతం. అదే మందం 2 ఉంచి పొడవు 20 చేస్తే, 0.75 శాతానికి దిగిపోతుంది! పొడవు రెట్టింపైతే బాధ నాలుగోవంతు.

త్రీడీ ప్రింటు చేసేటప్పుడు ఆ చేతిని నిలబెట్టకూడదు, పక్కకి పడుకోబెట్టాలి. నిలబెడితే పొరలు అడ్డంగా వస్తాయి, వంచగానే పొరకీ పొరకీ మధ్య ఊడిపోతుంది. చెయ్యి మొదలు దగ్గర పదునైన మూల ఉంచొద్దు, మందంలో సగమైనా గుండ్రం తిప్పాలి. భాగాల మధ్య 0.3 మి.మీ. సందు వదిలితే చాలావరకు సరిపోతుంది, నీ మిషన్‌ని బట్టి చూసుకో. ఇక్కడి తేమకి ఫిలమెంటు, అంటే ప్రింటర్‌కి పెట్టే ప్లాస్టిక్ తీగ, నీళ్లు పీల్చి ప్రింటర్ ముక్కు దగ్గర చిటపటలాడుతుంది, అందుకే సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచాలి.

కొక్కెం ముందువైపు 30 డిగ్రీల వాలుంటే సులువుగా దూరుతుంది. వెనకవైపు 45 అయితే లాగితే వస్తుంది. 90 అయితే వేలితో ఎత్తితే తప్ప రాదు. ముసలివాళ్ల మందుల డబ్బాకి 90 పెట్టడం అన్యాయం, దాని మీద ఇక్కడ పెద్ద గొడవే... సరే, అది వదిలెయ్.

అన్నిటికంటే అందమైనది విను. నీ దగ్గరున్న ప్లాస్టిక్ డబ్బాలు తిరగేసి చూడు, చాలావాటిలో కొక్కెం కిందే చిన్న కిటికీలా ఖాళీ ఉంటుంది. అలంకారం కాదు. కరిగిన ప్లాస్టిక్ పోసే ఉక్కు అచ్చు, అంటే మౌల్డు, రెండు సగాలు. అది తిన్నగా తెరుచుకుంటే కొక్కెం అడుగు ఉక్కుకి తగులుకుని వస్తువు బయటికి రాదు. ఆ కిటికీలోంచి అవతలి సగం ఉక్కు పైకొచ్చి కొక్కెం అడుగుకి రూపు దిద్దుతుంది. లేకపోతే పక్కకి జరిగే ముక్క పెట్టాలి, మౌల్డు ఖర్చు ఎగిరిపోతుంది. చిన్న కన్నం, ఎంత తెలివిరా! గోడలకి కనీసం 1 డిగ్రీ వాలు కూడా అందుకే, లేదంటే ఊడేటప్పుడు గీతలు పడతాయి.

షాంపూ సీసా మూతకి ఉండే పలచటి కీలు ఉందే, పాలీప్రొపిలీన్‌ది, వేలసార్లు మడిచినా తెగదు, దాని మందం ఎంతో తెలుసా... అయ్యో, వర్క్‌షాప్‌కి తాళం వేస్తున్నారు, పరిగెత్తాలి. ఆ రిమోట్ మూత మాత్రం తీసి చూడు!

నీ
బాబి