డాంగ్ గుయ్ వాడే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. ఇక్కడ సింగపూర్‌లో చైనీస్ మందుల షాపుల్లో అమ్మే డాంగ్ గుయ్ వేరు గురించి గ్రూప్‌లో తరచూ అడుగుతున్నారు. చైనీస్ ఇళ్లలో బాలింతలకు చికెన్ సూప్‌లో వేసి పెడతారు కాబట్టి వంటదినుసే కదా అనుకోకండి. అది మందు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వాడేవాళ్లు దీన్ని ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే పరీక్ష అంకె) పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. గుండె వాల్వు మార్చినవాళ్లలో చాలామంది ఈ మాత్ర మీదే ఉంటారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు తమ మందుల సంగతి అడిగితే తప్ప చెప్పరు. సూప్ పెట్టే ముందు వాళ్ల మాత్రల డబ్బా మీరే చూడండి, ప్లీజ్. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తీసుకోవాలి.

గర్భిణులకు వద్దు. బాలింతలైనా రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆగండి. విరేచనాలు అవుతున్నప్పుడూ వద్దు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మానేసి, ఆ విషయం సర్జన్‌కి చెప్పండి.

చైనా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 6 నుంచి 12 గ్రాములు. కంటి అంచనా వద్దు, వంటింటి తూకం మీద పెట్టండి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గాలి చొరని డబ్బాలో ఉంచి, బూజు కనిపిస్తే మొత్తం పారేయండి.

ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. డాంగ్ గుయ్ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.